కుర్చీ ఇచ్చారు సరే.. మౌస్ మాటేమిటి?

చట్టంలో హక్కు.. కార్యాలయంలో కరవైన పద్దు
చేతి వైకల్యమున్న ఉద్యోగులకు అందని కంప్యూటర్ పరికరాలు

దివ్యాంగుల కోటాలో ఎంపికైన అభ్యర్థి విధుల్లో చేరిన రోజున కార్యాలయం అతనికి ఒక కుర్చీ, ఒక కంప్యూటర్, ఒక లాగిన్ ఐడీ అప్పగిస్తుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చే మౌస్ మాత్రం అయిదు వేళ్లూ సక్రమంగా పనిచేసే మనిషిని దృష్టిలో ఉంచుకుని తయారైనది. పోలియోతో చేయి సన్నబడినవారికి, సెరిబ్రల్ పాల్సీ కారణంగా చేయి అదుపులో ఉండనివారికి, నూర్పిడి యంత్రంలో వేళ్లు పోగొట్టుకున్నవారికి అది బల్లమీద ఉన్నా లేనట్లే. ఉద్యోగం వచ్చిందన్న సంతోషం తీరకముందే పని ఎలా చేయాలన్న బెంగ మొదలవుతుంది.

ప్రభుత్వ యంత్రాంగంలో కాగితం తగ్గి తెర పెరిగిన కొద్దీ ఈ సమస్య ముదురుతోంది. 2011 నవంబరులో ఉమ్మడి రాష్ట్రంలో మీసేవ మొదలైంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు ఆరంభమయ్యాయి. కుల ధ్రువపత్రం మొదలుకొని భూమి రికార్డు వరకు కంప్యూటర్ గుండా వెళ్లని దస్త్రం నేడు అరుదు. పూర్వం చేతిరాత అంతంతమాత్రంగా ఉన్న గుమస్తా సైతం ఎలాగోలా నెట్టుకొచ్చేవాడు. ప్రస్తుతం తెరమీది బాణం గుర్తును సరైన గడిలో నిలిపి నొక్కలేని ఉద్యోగి దస్త్రాన్ని అంగుళమైనా ముందుకు కదపలేడు. అతనికి విషయ పరిజ్ఞానం ఎంత ఉన్నా, నిబంధనలన్నీ కంఠోపాఠమైనా ఫలితం ఉండదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వికలాంగుల సంఖ్య 2.68 కోట్లు. వీరిలో 54 లక్షల మందికి పైగా చలన సంబంధ వైకల్యం కలవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్ని రకాల వైకల్యాలూ కలిపి 22.66 లక్షల మంది ఉన్నట్లు ఆనాటి లెక్క తేల్చింది. అప్పట్లో వికలాంగులు అన్న మాటే వాడుకలో ఉండగా, తరువాతి కాలంలో దివ్యాంగులు అన్న మాట ప్రభుత్వ ఉత్తర్వుల్లోకి వచ్చింది. పేరు మారినంత వేగంగా బల్లమీది మౌస్ మారలేదన్నది వేరే సంగతి.

నాలుగు పనులు.. ఒకే చేయి

మౌస్‌ను కదపడం చూసేవారికి చిటికెలో పని. విడదీసి చూస్తే అందులో నాలుగు పనులున్నాయి. దాన్ని వేళ్లతో పట్టుకోవాలి, మణికట్టుతోనో మోచేతితోనో జరపాలి, గుర్తు చేరవలసిన చోటుకు చేరగానే చేతిని కదలకుండా నిలపాలి, ఆ నిలకడ చెడకుండా ఒక్క వేలితో మీట నొక్కాలి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి తప్పినా పని చెడుతుంది. చేయి వణికేవారికి మూడోది కష్టం. వేళ్లు వంగనివారికి మొదటిదే కష్టం. కుష్ఠువ్యాధి నయమైనా స్పర్శ తిరిగిరానివారికి మీట నొక్కిందీ లేనిదీ వేలికి తెలియదు. ఒక ఫైలును పట్టుకుని మరోచోటికి లాగాలంటే ఈ నాలుగు పనులూ ఏకకాలంలో జరగాలి.

అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్, బిల్ ఇంగ్లిష్ 1964లో తొలి మౌస్‌ను ఒక కొయ్యపెట్టెగా తయారుచేశారు. నాటి నుంచి పెట్టె ప్లాస్టిక్‌గా మారింది, తోక వంటి తీగ పోయింది, అడుగున ఉండే బంతి స్థానంలో కాంతి వచ్చింది. చేతితో పట్టి జరపాలన్న మూలసూత్రం మాత్రం అలాగే ఉంది.

ఈ సమస్య మన ప్రాంతాలకు కొత్త కాదు. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, అక్కడి ప్రజల ఎముకలను ఫ్లోరైడ్ నీరు పట్టి పీడిస్తున్న సంగతిని వైద్యులు లోకానికి వెల్లడించారు. నల్లగొండ ఫ్లోరోసిస్ గాథ అందరికీ విదితమే. వ్యాధి ముదిరినవారిలో కీళ్లు బిగుసుకుపోతాయి, మెడ పక్కకు తిరగదు, మోచేయి పూర్తిగా చాచుకోదు. వీరి బిడ్డలూ, కొందరు వారే స్వయంగా, డిగ్రీలు పూర్తిచేసి పోటీ పరీక్షలకు కూర్చుంటున్నారు. పొలం పనికి పనికిరాని శరీరానికి కంప్యూటర్ ఉద్యోగమే దారి అని ఊళ్లో అందరూ చెబుతారు. ఆ దారిలో చెయ్యి చాచి పట్టుకోవలసిన వస్తువు ఒకటుందని ఎవరూ చెప్పరు.

ప్రత్యామ్నాయాలు ఏమున్నాయి?

మౌస్‌కు బదులుగా వాడదగిన పరికరాలు దశాబ్దాలుగా ఉన్నాయి. వాటిలో తేలికగా దొరికేది ట్రాక్‌బాల్. మౌస్‌ను బోర్లించి పెద్దది చేస్తే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. పరికరం బల్లమీద కదలకుండా ఉంటుంది, పైనున్న బంతిని దొర్లిస్తే తెరమీద గుర్తు కదులుతుంది. బంతిని వేళ్లతోనే దొర్లించాలన్న నియమం లేదు. అరచేయి, పిడికిలి, తెగిన చేతి మొండెం, చివరకు కాలి మడమ అయినా సరే. అన్నిటికంటే ముఖ్యం, గుర్తు చేరవలసిన చోటుకు చేరాక బంతి మీద నుంచి చేయి పూర్తిగా తీసేయవచ్చు. ఆ తరువాత తాపీగా మీట నొక్కవచ్చు. పైన చెప్పిన నాలుగు పనులూ ఇక్కడ ఒకదాని తరువాత ఒకటిగా విడిపోతాయి. చేయి వణికే ఉద్యోగికి ఈ ఒక్క తేడా చాలు.

వేళ్లు ముడుచుకుపోయినా మణికట్టు తోయగలిగినవారికి జాయ్‌స్టిక్ అనువైనది. దీన్ని గడ్డంతో నడిపేలా బిగించిన నమూనాలు కూడా ఉన్నాయి. మీట నొక్కడం ఒక్కటే కష్టమైనవారికి అరచేతి వెడల్పున ఉండే విడి స్విచ్‌ను కంప్యూటర్‌కు కలిపి, మోచేతి వద్దనో మోకాలి పక్కనో అమర్చుతారు. అసలు నొక్కనే అక్కర్లేని పద్ధతి మరొకటి ఉంది. గుర్తు ఒకేచోట రెండు మూడు క్షణాలు నిలిస్తే కంప్యూటర్ తనంతట తానే నొక్కినట్లు భావిస్తుంది.

మెడ కింది భాగమంతా చచ్చుబడినవారికి తల కదలికతో నడిచే పరికరాలు, గొట్టంలోకి గాలి ఊది, పీల్చి నొక్కే పరికరాలు, కంటిపాప కదలికను పసిగట్టే కెమెరాలు వచ్చాయి. వీటిలో కంటిచూపుతో నడిచేవి ఖరీదైనవి, కొన్ని లక్ష రూపాయలు దాటతాయి. ట్రాక్‌బాల్ ధర రకాన్ని బట్టి కొన్ని వేలల్లో ఉంటుంది. సాధారణ మౌస్ మూడు నాలుగు వందలకే వస్తుంది గనుక కొనుగోలు దస్త్రం మీద ఈ తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అదే కార్యాలయంలో ఏసీ మరమ్మతు బిల్లు పక్కన పెట్టి చూస్తే మాత్రం కనిపించదు.

పైసా ఖర్చు లేనివీ ఉన్నాయి

కార్యాలయాల్లోని కంప్యూటర్ల ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఒక అనుభవం ఉంటుంది. షిఫ్ట్ మీటను వరుసగా అయిదుసార్లు నొక్కితే కూతతో పాటు తెరమీద ఒక ప్రశ్న ప్రత్యక్షమవుతుంది. విసుగ్గా దాన్ని మూసేయడమే అందరికీ తెలుసు. ఆ ప్రశ్న వేస్తున్నది స్టికీ కీస్ అనే సదుపాయం. రెండు మూడు మీటలను ఒకేసారి నొక్కవలసిన చోట ఒకదాని తరువాత ఒకటి నొక్కినా సరిపోయేలా చేయడం దాని పని. ఒంటిచేతితో, ఒంటి వేలితో పనిచేసేవారి కోసమే దాన్ని పెట్టారు.

దాని తోడబుట్టినదే మౌస్ కీస్. ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మీటలు కలిపి నొక్కితే ఇది తెరుచుకుంటుంది. కీబోర్డు కుడివైపున ఉండే అంకెలే మౌస్‌గా మారతాయి. 8 నొక్కితే గుర్తు పైకి, 2 నొక్కితే కిందికి, 4 ఎడమకు, 6 కుడికి పోతుంది. 5 నొక్కితే క్లిక్ అవుతుంది. 0 పట్టుకుంటుంది, చుక్క వదిలేస్తుంది. అంటే మౌస్‌ను ముట్టుకోకుండానే ఫైలును లాగి మరోచోట పెట్టవచ్చు. వణికే వేలు ఒకే అక్షరాన్ని నాలుగుసార్లు కొట్టకుండా వడకట్టే ఫిల్టర్ కీస్, మీటను అదేపనిగా నొక్కి పట్టుకునే అవసరం లేకుండా చేసే క్లిక్‌లాక్ కూడా అదే కంప్యూటర్‌లో ఉన్నాయి. వెబ్ కెమెరా ముందు తల కదిపితే గుర్తు కదిలేలా చేసే కెమెరా మౌస్ అనే ప్రోగ్రాంను అమెరికాలోని బోస్టన్ కళాశాల పరిశోధకులు రూపొందించి ఉచితంగానే అందించారు. అంకెల మీటలు లేని చిన్న ల్యాప్‌టాప్‌లలో మౌస్ కీస్ అక్కరకు రాదు గానీ, విడి అంకెల కీబోర్డు కొని తగిలిస్తే ఆ ఇబ్బంది కూడా తీరుతుంది.

స్టికీ కీస్, మౌస్ కీస్ సదుపాయాలు 1995 ఆగస్టులో విడుదలైన విండోస్ 95తోనే కంప్యూటర్‌లోకి వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో మన పార్లమెంటు వికలాంగుల చట్టాన్ని ఆమోదించింది. ఉద్యోగాల్లో 3 శాతం రిజర్వేషన్ కల్పించిన చట్టం అదే. అది 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. హక్కు, పనిముట్టు కొద్ది నెలల తేడాతో పుట్టాయి. ఈ రెండూ ఒకే బల్లమీదకు చేరాలంటే మధ్యలో ఎవరో ఒకరు ఉండాలి. ఆ ఎవరో ఒకరిని నియమించడం మాత్రం జరగలేదు.

చట్టం ఏం చెబుతోంది?

పాత చట్టం స్థానంలో దివ్యాంగుల హక్కుల చట్టం-2016 వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. గుర్తింపు పొందిన వైకల్యాలు 7 నుంచి 21కి, రిజర్వేషన్ 3 శాతం నుంచి 4 శాతానికి పెరిగాయి. పత్రికల్లో ప్రముఖంగా వచ్చినవి ఈ అంకెలే. వీటికంటే విలువైన వాక్యం 20వ సెక్షన్‌లో ఉంది. ప్రతి ప్రభుత్వ సంస్థ తన దివ్యాంగ ఉద్యోగులకు సహేతుకమైన సర్దుబాటు కల్పించాలని, అడ్డంకులు లేని వాతావరణం ఏర్పరచాలని ఆ సెక్షన్ నిర్దేశిస్తోంది. సహేతుకమైన సర్దుబాటు అంటే సంస్థపై మోయలేని భారం పడకుండా ఆ వ్యక్తికి అవసరమైన మార్పు చేయడం. కొన్ని వేల రూపాయల ట్రాక్‌బాల్ ఏ శాఖకూ మోయలేని భారమని వాదించడం కష్టం.

సర్వీసులో ఉండగా పక్షవాతం వచ్చినా, ప్రమాదంలో చేయి పోయినా ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. దీన్నిబట్టి ఇది కోటాలో వచ్చినవారి సమస్య మాత్రమే కాదని స్పష్టమవుతోంది. నేడు రెండు చేతులతో టైపు చేస్తున్న సూపరింటెండెంటుకు రేపు ఈ అవసరం పడవచ్చు.

కేంద్ర సిబ్బంది శాఖ 2014 మార్చి 31న జారీచేసిన మార్గదర్శకాల్లో మరింత వివరంగా ఉంది. దివ్యాంగ ఉద్యోగులకు అవసరమైన సహాయక పరికరాలు, ప్రత్యేక ఫర్నిచర్, సాఫ్ట్‌వేర్, కంప్యూటర్ సామగ్రిని శాఖలే సమకూర్చాలని, లేదా ఖర్చును తిరిగి చెల్లించాలని వాటిలో సూచించారు. ఆ మార్గదర్శకాలు కేంద్ర ఉద్యోగులకు ఉద్దేశించినవి. ప్రైవేటు రంగాన్ని కూడా చట్టం పూర్తిగా వదలలేదు. 20 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సమాన అవకాశాల విధానంలో సహాయక పరికరాల ఏర్పాటును పేర్కొనాలని 2017 నాటి నిబంధనలు చెబుతున్నాయి.

సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు ఇక్కడ ప్రస్తావించదగినది. రాసేటప్పుడు చేతి కండరాలు పట్టేసే సమస్య ఉన్న అభ్యర్థి సివిల్స్ పరీక్షకు లేఖకుడిని కోరగా, నిర్ణీత వైకల్యం లేదని నిరాకరించారు. 40 శాతం వైకల్యం అన్నది రిజర్వేషన్ వంటి ప్రయోజనాలకు కొలమానమే తప్ప సహేతుకమైన సర్దుబాటు పొందడానికి షరతు కాదని న్యాయస్థానం తేల్చింది. సదరం శిబిరంలో 30 శాతమే రాశారన్న కారణంతో పరికరం నిరాకరించడానికి ఈ తీర్పు తరువాత వీలులేదు.

శాతం చెబుతుంది.. వేలు చెప్పదు

చట్టం ఇంత స్పష్టంగా ఉండగా పరికరం ఎందుకు రావడం లేదన్నది అసలు ప్రశ్న. మొదటి చిక్కు ధ్రువపత్రంలోనే ఉంది. సదరం పత్రం వైకల్యం ఎంత శాతమో చెబుతుంది. ఏ వేలు కదులుతుంది, చేయి ఎంత దూరం చాచగలదు, ఎంతసేపు అలసట లేకుండా పనిచేయగలదు అన్న సంగతులు చెప్పదు. పింఛనుకు శాతం చాలు. పరికరం ఎంపికకు చాలదు. ఒకే 60 శాతం ఉన్న ఇద్దరిలో ఒకరికి ట్రాక్‌బాల్ సరిపోవచ్చు, మరొకరికి జాయ్‌స్టిక్ కావలసి రావచ్చు. ఈ తేడాను పరీక్షించి చెప్పగలిగినవారు ఆక్యుపేషనల్ థెరపిస్టులు. నియామక ప్రక్రియలో ఏ దశలోనూ వారి ముఖం అభ్యర్థికి కనిపించదు.

రెండో చిక్కు పోస్టుల గుర్తింపులో ఉంది. దివ్యాంగులకు అనువైన పోస్టులను ప్రకటిస్తూ కేంద్రం 2021 జనవరి 4న ఇచ్చిన జాబితాలో ఒక్కో పోస్టుకు ఏయే శారీరక సామర్థ్యాలు కావాలో సంకేతాక్షరాలతో సూచించారు. కూర్చోవడానికి ఒకటి, నడవడానికి ఒకటి, వేళ్లతో పనిచేయడానికి ఎం.ఎఫ్. అన్న సంకేతం. కంప్యూటర్ పని అనగానే వేళ్లు తప్పనిసరి అన్న భావన దీనితో స్థిరపడుతోంది. అరచేతితో, మడమతో, కంటిచూపుతో అదే పని జరుగుతున్న కాలంలో ఈ సంకేతం అభ్యర్థిని గుమ్మం బయటే నిలిపివేసే ప్రమాదం ఉంది.

గుమ్మం దాటినవారికి కంప్యూటర్ ప్రావీణ్య పరీక్ష ఎదురవుతుంది. ఇంటివద్ద తనకు అలవాటైన పరికరంతో సాధన చేసిన అభ్యర్థి పరీక్షా కేంద్రంలో అక్కడున్న మౌస్‌తోనే నెగ్గాలంటే అది కంప్యూటర్ జ్ఞానానికి పరీక్ష కాబోదు, చేతికి పరీక్ష అవుతుంది. సొంత పరికరాన్ని అనుమతించాలని, లేదా కేంద్రంలోనే ఏర్పాటు చేయాలని దరఖాస్తు దశలోనే రాతపూర్వకంగా కోరడం మేలు. పరీక్ష రోజున నోటిమాటగా అడిగితే పర్యవేక్షకుడికి ఒప్పుకునే అధికారం ఉండదు.

ఇక కార్యాలయంలో జరిగేది అందరికీ తెలిసినదే, ఎవరూ పైకి చెప్పనిది. పని సాగక, పై అధికారి ఒత్తిడి భరించలేక, పక్క సీటులోని పొరుగు సేవల సిబ్బందికి పాస్‌వర్డ్ చెప్పి పని చేయించుకోవడం. చూసేవారికి ఇది సహకారం. తప్పుడు సర్వే నంబరు నమోదైననాడు, అనర్హుడికి మంజూరు వెళ్లిననాడు కంప్యూటర్ చూపే పేరు దివ్యాంగ ఉద్యోగిదే. మెమో అందేది అతనికే. మౌస్ కొనకుండా మిగుల్చుకున్న రెండు మూడు వేల రూపాయలకు ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరు తాకట్టుగా మారుతోంది.

అధికారుల వైపు వాదన కూడా తోసిపుచ్చదగినది కాదు. మండల స్థాయి కార్యాలయంలో ఆఫీసు ఖర్చుల కింద వచ్చే మొత్తం కాగితాలకు, కరెంటుకే చాలదు. సహాయక పరికరాల పేరిట విడి పద్దు ఉంటే తప్ప డ్రాయింగ్ అధికారి సంతకం చేయడానికి జంకుతాడు, ఆడిట్ అభ్యంతరం భయం అతనిది. భద్రత పేరిట కొన్ని కార్యాలయాల్లో బయటి పరికరాలను కంప్యూటర్‌కు తగిలించనివ్వరు, సెట్టింగులు మార్చనివ్వరు. పరీక్షించకుండా కొన్న పరికరం సరిపోక బీరువాలో మూలుగుతుందన్న భయం కూడా నిజమే. బ్రిటన్‌లో ఈ ఖర్చు యజమాని మీద పూర్తిగా పడకుండా 1994 నుంచి యాక్సెస్ టు వర్క్ అనే ప్రభుత్వ పథకం గ్రాంటు ఇస్తోంది. అమెరికాలో యజమానులకు సలహాలిచ్చే జాబ్ అకామొడేషన్ నెట్‌వర్క్ సర్వేల్లో దాదాపు సగం సర్దుబాట్లకు అసలు ఖర్చే కాలేదని తేలింది. ఇక్కడి కార్యాలయాల్లో కూడా మొదట తెరవవలసింది ఖజానా కాదు, కంప్యూటర్‌లోని సెట్టింగులే.

పరికరం వచ్చినంత మాత్రాన కష్టాలు తీరతాయని కూడా అనుకోలేం. గురి ఎంత చిన్నదైతే, ఎంత దూరమైతే, దాన్ని అందుకోవడానికి అంత ఎక్కువ సమయం పడుతుందని పాల్ ఫిట్స్ అనే శాస్త్రవేత్త 1954లోనే సూత్రీకరించాడు. ప్రభుత్వ పోర్టళ్లు రూపొందించేవారు ఈ సూత్రాన్ని తలకెక్కించుకున్న జాడలు తక్కువ. ఆవగింజంత గడులు, చేయి జారితే మూసుకుపోయే జాబితాలు, వంకర అక్షరాల కాప్చా, నెమ్మదిగా నింపుతుండగానే గడువు ముగిసి మొదటికొచ్చే పేజీలు దివ్యాంగ ఉద్యోగి శ్రమను రెట్టింపు చేస్తున్నాయి. డిజిటల్ సేవలు అందుకునే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఆ కేసు ఈ-కేవైసీలో దృష్టిలోపం ఉన్నవారు, యాసిడ్ దాడి బాధితులు పడే ఇబ్బందులకు సంబంధించినది. సేవ పొందే పౌరుడికి వర్తించిన ఈ మాట, అదే తెరకు ఇవతల కూర్చుని సేవ అందించే ఉద్యోగికి వర్తించకూడదనడానికి కారణం కనిపించదు.

ఎవరిని అడగాలి?

పరికరం కావలసిన ఉద్యోగి మొదట కార్యాలయ అధిపతికి రాతపూర్వకంగా విన్నవించుకోవాలి. ఏ పని చేయలేకపోతున్నదీ, ఏ పరికరంతో చేయగలిగేదీ అందులో స్పష్టంగా రాయాలి. థెరపిస్టు సిఫారసు జతచేస్తే ఆడిట్ భయం సగం తగ్గుతుంది. స్పందన లేకుంటే చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ సంస్థలో ఉండవలసిన ఫిర్యాదుల పరిష్కార అధికారిని ఆశ్రయించవచ్చు. ఫిర్యాదు నమోదైన రెండు వారాల్లో ఆయన విచారణ జరపాలి. తృప్తి కలగకపోతే జిల్లా స్థాయి కమిటీకి వెళ్లవచ్చు, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు నివేదించవచ్చు. చట్ట నిబంధన ఉల్లంఘనకు తొలిసారి రూ.10 వేల వరకు, ఆ తరువాత రూ.50 వేలకు తగ్గకుండా రూ.5 లక్షల వరకు జరిమానా విధించే వీలు 89వ సెక్షన్‌లో ఉంది.

కాగా, పరికరం మంజూరైన తరువాత తలెత్తే చిక్కు ఒకటుంది. కార్యాలయ నిధులతో కొన్న ట్రాక్‌బాల్ ఆ కార్యాలయ స్టాకు రిజిస్టరులో నమోదవుతుంది. ఉద్యోగి పక్క మండలానికి బదిలీ అయితే కుర్చీతో పాటు అదీ ఇక్కడే ఉండిపోతుంది. కొత్త చోట మళ్లీ మొదటి నుంచి విన్నపం, మళ్లీ కొటేషన్లు. పరికరాన్ని కార్యాలయం పేరిట కాకుండా ఉద్యోగి పేరిట నమోదుచేసి, బదిలీ ఉత్తర్వుతో పాటే అతని వెంట పంపేలా ఒక్క ఉత్తర్వు ఇస్తే సరిపోతుంది. దానికి అదనంగా అయ్యే ఖర్చేమీ లేదు.